వెంట నిలిచిన గురువు

పునీత జాన్ బోస్కో అనగానే పిల్లల మధ్య నవ్వుతున్న గురువు పటం మీకు గుర్తొస్తుంది. ఆయన బాల్యంలో ఆ నవ్వు తక్కువే. 1815లో ఇటలీలోని బెక్కి పల్లెలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి పోయారు. కలోస్సో అనే వృద్ధ గురువు చేరదీసి లతీను నేర్పారు. 1830లో ఆయనా కన్నుమూశారు. పదిహేనేళ్ల జాన్ చాలాకాలం తేరుకోలేదు. ఊహ తెలియని వయసులో తండ్రి పోయినదానికంటే ఇదే పెద్ద దెబ్బ అనుకుంటాను.

1841లో గురుపట్టాభిషేకం పొంది టూరిన్ చేరాక, కఫాస్సో గురువు ఆయనను చెరసాలలకు తీసుకెళ్లారు. అక్కడంతా కుర్రవాళ్లే! విడుదలైనా పలకరించే దిక్కులేక మళ్లీ అక్కడికే వచ్చేవారు.

ఆదివారం పిల్లల్ని పోగుచేసి జపాలు, ఆటలు నడపడం ఎవరైనా చేస్తారు. బోస్కోగారు మిగతా రోజుల్లో వాళ్లు పనిచేసే చోటికీ వెళ్లేవారు. 1852లో ఒక వడ్రంగి మేస్త్రీతో కుదిర్చిన ఒప్పందం చూడండి: కుర్రవాణ్ణి మాటతోనే దిద్దాలి, కొట్టకూడదు, వృత్తికి సంబంధంలేని చాకిరీ చేయించకూడదు, ఆదివారం సెలవు ఇవ్వాలి.

పెద్దల తోడు పొందిన అమెరికా పిల్లలపై గ్రోస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది దాటిన స్నేహం ఎక్కువ మేలు చేసింది. మూడు నెలల్లోపే తెగిపోయిన స్నేహమైతే పిల్లలకు తమపై ఉన్న గౌరవాన్నే తగ్గించింది. మన విచారణల్లో క్రిస్మసుకు పుట్టి తపస్సుకాలానికి మూతపడే యువజన సంఘాలు మీకు తెలియనివా?

1859లో బోస్కోగారు సలేసియన్ సభను ప్రారంభించినప్పుడు చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది ఆయన చేతిమీద పెరిగినవారే. 1888లో ఆయన మరణించాక పగ్గాలు అందుకున్న మైకేల్ రూవాగారూ చిన్ననాడు ఆ పిల్లల్లో ఒకరు.