వేగం దాచేస్తుంది.. నెమ్మది పట్టిస్తుంది!

పియానో ఆడిషన్‌కి సొనాటాలో ఏ భాగం ఎంచుకోవాలి? పాశ్చాత్య సంగీత కళాశాలల్లో సీటు కోసం వెళ్లేవాళ్లలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. సొనాటాలో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మొదటిది వేగం, రెండోది నెమ్మది, మూడోది మళ్లీ వేగం. వేళ్ల సత్తా చూపించాలని ఎక్కువమంది మొదటిదో మూడోదో పట్టుకుంటారు. నెమ్మదిగా సాగేది వాయిస్తే ఇంతకుమించి రాదేమో అనుకుంటారని భయం. ఆ భయానికి రెండున్నర శతాబ్దాల కిందటే ఓ నిరుద్యోగి జవాబు చెప్పాడు. పేరు వోల్ఫ్‌గాంగ్ అమడియస్ మొజార్ట్.

అవును, నిరుద్యోగే!

రాజీనామాతో మొదలు

మొజార్ట్ 1756 జనవరి 27న సాల్జ్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి లియోపోల్డ్ అక్కడి ఆర్చ్‌బిషప్ కొలువులో సంగీత విద్వాంసుడు. ఆరేళ్ల వయసు నుంచే అక్క నానెర్ల్‌తో కలిసి యూరప్ రాజాస్థానాల్లో కచేరీలు చేశాడు. పిల్లాడిగా నెత్తిన పెట్టుకున్నవాళ్లే పెద్దయ్యాక ఉద్యోగం అడిగితే మొహం చాటేశారు. సొంతూళ్లో జీతం ఏడాదికి 150 గుల్డెన్లు. 1777లో ఆ కొలువు వదిలేసి, సెప్టెంబరు 23న తల్లితో కలిసి గుర్రపు బండెక్కాడు. అప్పటికి 21 ఏళ్లు. మన లెక్కలో బీటెక్ ఫైనలియర్ వయసు.

మొదట మ్యూనిక్. అక్కడి ప్రభువు ఖాళీల్లేవన్నాడు. తర్వాత ఆగ్స్‌బర్గ్. అక్కడ స్టైన్ అనే ఆయన తయారుచేసే పియానోలు మొజార్ట్‌కి తెగ నచ్చాయి. ఎలా నొక్కినా స్వరం సమంగా పలికేది. అక్కడివాళ్లకి మాత్రం మొజార్ట్ తాళమే వింతగా తోచింది. నెమ్మది భాగాల్లో కుడిచెయ్యి కాస్త అటూఇటూ ఊగినా ఎడమచెయ్యి లెక్క తప్పేది కాదు. మిగతావాళ్ల ఎడమచెయ్యి కుడిచేతి వెంటే పోయేదని తండ్రికి ఉత్తరం కూడా రాశాడు.

ఐదు గడియారాలు.. సున్నా ఉద్యోగాలు

అక్టోబరు చివర్లో మన్‌హైమ్ చేరాడు. అక్కడి ఆర్కెస్ట్రాకి యూరప్ అంతా పేరుంది. దాని సారథి కానబిష్ కూతురు రోజాకి పియానో పాఠాలు చెబుతూ, ఆమె కోసం సి మేజర్‌లో ఓ సొనాటా రాశాడు. ఇప్పుడు దాన్ని కె.309 అంటారు. అందులోని నెమ్మది భాగాన్ని ఆ అమ్మాయి స్వభావానికి అద్దంలా ఉండాలని మలిచాడు. శబ్దం ఒక్కసారిగా పెరగడం, వెంటనే తగ్గడం అడుగడుగునా కనిపిస్తుంది. ఆ గుర్తులన్నీ ఉన్నదున్నట్టు వాయిస్తేనే దానికి అందం అన్నది ఆయన పట్టుదల. రోజా అలాగే వాయించిందని మురిసిపోయాడు.

మన్‌హైమ్ ప్రభువు ఆయన కచేరీ విని మెచ్చుకుని బంగారు గడియారం ఇచ్చాడు. దారి ఖర్చులకి డబ్బు కావాల్సిన మనిషి దగ్గర అప్పటికి గడియారాలు ఐదయ్యాయి! ఇకపై గొప్పోళ్ల దగ్గరికి రెండు గడియారాలు పెట్టుకుని వెళ్తేనన్నా ఇంకోటి ఇవ్వరని ఉత్తరంలో నవ్వుకున్నాడు. వారాలపాటు ఎదురుచూశాక డిసెంబరులో అక్కడా లేదనే జవాబొచ్చింది.

ఆ చలికాలంలోనే వోగ్లర్ అనే విద్వాంసుడు మొజార్ట్ కన్చెర్టో ఒకటి చూస్తూ చూస్తూనే శరవేగంగా వాయించేశాడు. మొజార్ట్‌కి ఒళ్లు మండింది. నెమ్మదిగా వాయించడం కన్నా వేగంగా వాయించడమే చాలా సులువు, వేగంలో కొన్ని స్వరాలు ఎగరగొట్టినా ఎవరికీ తెలియదు అన్నది ఆయన వాదన. మన విలంబ కాలం కూడా అంతే కదా. శ్రుతి జారినా తాళం తప్పినా అక్కడ దొరికిపోవాల్సిందే.

తర్వాత పారిస్. అక్కడ ఉద్యోగం కుదరకపోగా, 1778 జులై 3న వెంట వచ్చిన తల్లి కన్నుమూసింది. పరాయి ఊళ్లో, పక్కన అయినవాళ్లెవరూ లేకుండా ఆమెను సాగనంపాడు. 1779 జనవరిలో తిరిగి సాల్జ్‌బర్గ్ చేరి, వదిలేసిన యజమాని దగ్గరే 450 గుల్డెన్లకు ఆర్గాన్ వాద్యకారుడిగా చేరాడు. పదహారు నెలల వేటకి దక్కింది అదే.

చక్రవర్తి ముందు పోటీ

1781లో ఆ కొలువుకీ దండం పెట్టి వియన్నాలో స్థిరపడ్డాడు. అదే ఏడాది డిసెంబరు 24న చక్రవర్తి రెండో జోసెఫ్ ఆయన్ని క్లెమెంటీతో పియానో పోటీకి కూర్చోబెట్టాడు. క్లెమెంటీ వేళ్ల వేగానికి తిరుగులేదు. మొజార్ట్ మాత్రం ఉత్తరాల్లో ఆయన్ని యంత్రమని తీసిపారేశాడు. క్లెమెంటీది పెద్ద మనసు. ఏళ్ల తర్వాత ఆ రోజును తలుచుకుంటూ, తనను కట్టిపడేసినవాటిలో మొజార్ట్ వాయించిన ఓ నెమ్మది భాగం ఉందని చెప్పాడు. ఎదుటివాడి గుండెల్లో మిగిలింది వేగం కాదన్నమాట.

అలాగని జీవితం మలుపు తిరిగిపోలేదు. ఆస్థాన కొలువు దక్కడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. 1787లో 800 గుల్డెన్లతో చేరాడు. 1791 డిసెంబరు 5న, 35 ఏళ్లకే వెళ్లిపోయాడు.

మరి మనకేంటి?

ఆడిషన్‌కి వెళ్లేవాళ్లు ముందు నిబంధనలు చదవాలి. వేగమైన భాగమే కావాలన్నారా, అదే వాయించండి. ఎంపిక మీదే అయితే నెమ్మది భాగానికి భయపడొద్దు. కె.309లోదైనా సరే, ఎడమచేతిని విడిగా మెట్రోనోమ్‌తో సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. గట్టి, మెల్లని శబ్దాల తేడా మీకే వినపడకపోతే ఎదుట కూర్చున్నవాళ్లకి అసలు వినపడదు.

పియానో ముట్టనివాళ్లకీ ఇది వర్తిస్తుంది. క్యాంపస్ ఇంటర్వ్యూకి నేను రెజ్యూమెలో ఎనిమిది ప్రాజెక్టులు రాసుకెళ్లాను. మొదటిదాని మీదే వరుసగా మూడు ప్రశ్నలు అడిగేసరికి నోరు పెగల్లేదు. తర్వాత ఒక్క ప్రాజెక్టునే ప్రతి లైనూ వివరించగలిగేలా చదివాను. అలా చదివినా రెండు చోట్ల తిప్పి పంపారు. కానీ అడిగినదానికి జవాబు తెలియక బయటికి రావడం మాత్రం ఆగింది.

మన్‌హైమ్ ఉద్యోగం మొజార్ట్ చేతుల్లో లేదు. రోజా కోసం రాసిన ఆ కొన్ని నిమిషాల సంగీతం మాత్రం పూర్తిగా ఆయన చేతుల్లోనే ఉంది. ఆడిషన్ గదుల్లో ఈరోజుకీ వినిపిస్తున్నది అదే.