దుర్గాబాయి గారు, ఆరేళ్లు నిండని పిల్లలు

హైదరాబాద్ విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో ఒక ఆసుపత్రి ఉంది. సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్లినప్పుడు మాలో ఇద్దరం ఆ బోర్డు చాలాసార్లు చదివాం, కానీ ఆమె ఎవరని ఎవరినీ అడగలేదు. ఈ ఏడాది మా జగదల్‌పూర్ దగ్గరి ఒక పల్లెలో అంగన్‌వాడీకి బొమ్మలు, బొమ్మల పుస్తకాలు ఇచ్చి వచ్చాం. బడికి కూడా రాని ఇంత చిన్నపిల్లల కోసం ప్రభుత్వం ఎప్పటి నుంచి డబ్బు ఖర్చు పెడుతోందని తిరుగుదారిలో మాకు అనుమానం వచ్చింది. వెతుకుతూ వెళ్తే ఆ బోర్డు మీది పేరే మళ్లీ కనిపించింది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ పెళ్లిని కాదని తన దారి తాను చూసుకున్నారు. హిందీ నేర్చుకుని, ఆడపిల్లలకు హిందీ బడి పెట్టి తానే పాఠాలు చెప్పారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో టికెట్ లేదని నెహ్రూ గారినే ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన చిన్న వాలంటీరు ఈవిడే. ఆమె గురించి రాసే ప్రతివారూ ఈ కథ చెబుతారు. కథ బాగుంటుంది కాబట్టి మేమూ చెప్పాం. మాకు అంతకన్నా నచ్చిన సంగతులు తరువాత ఉన్నాయి.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఒంటరి గదిలో కూడా ఉంచారు. బయటికి వచ్చాక చదువు మళ్లీ మొదలుపెట్టారు. మామూలుగా బడికి వెళ్లే వయసు దాటిపోయింది. ప్రైవేటుగా చదివి కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకున్నారు, మద్రాసులో లా చదివి వకీలయ్యారు. ఆ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్లు పెద్దయ్యాక కూడా పరీక్ష రాయవచ్చని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు, తానే రాశారు కదా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తరువాత ఆమె రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ సభ తయారుచేసిన రాజ్యాంగంలో 45వ అధికరణం ఉంది. పదేళ్లలోగా పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం ప్రయత్నించాలన్నది దాని సారం. ఎన్నో ఏట నుంచి అని అందులో లేదు. అంటే మూడేళ్ల పిల్ల కూడా ఆ మాటలో ఉంది. 2002లో 86వ సవరణ వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు చదువు ప్రాథమిక హక్కు అయింది. ఆరేళ్ల లోపు వాళ్లు మాత్రం ప్రయత్నించాలనే మాట దగ్గరే ఉండిపోయారు. మా క్లాసులో దీని మీద పెద్ద వాదనే జరిగింది. అక్కకు హక్కు ఉండి చెల్లికి లేకపోవడమేమిటని ఒకరన్నారు. ముందు ఒక మెట్టు కడితేనే కదా రెండోది అని ఇంకొకరన్నారు. మాకైతే మొదటి మాటే సరైనదనిపిస్తోంది.

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. అయినా ప్రణాళికా సంఘంలో సభ్యత్వం వచ్చింది. మరుసటి ఏడు జనవరిలో ఆర్థిక మంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారితో పెళ్లయింది. ఖజానా తాళంచెవి ఇంట్లోనే ఉందని అప్పట్లో ఎవరైనా నవ్వుకున్నారేమో! సంక్షేమానికి వచ్చినది మాత్రం కొద్ది డబ్బే. స్వచ్ఛంద సంస్థలకు సాయం కోసం మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించారు. దాన్ని పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దుర్గాబాయి దాని మొదటి అధ్యక్షురాలు.

దేశమంతటికీ 4 కోట్లంటే ఏ మూలకు? అందుకే మండలి తానే అన్నీ నడపకుండా, ఊళ్లలో పని చేస్తున్న సంస్థలకు గ్రాంటు ఇచ్చేది. సంస్థ కూడా తన వంతు కొంత పోగుచేయాలి. 1954 నుంచి సుమారు 25 ఊళ్లను ఒక గుంపుగా చేసి ప్రాజెక్టులు మొదలుపెట్టారు. వాటిలో చిన్నపిల్లలకు బాలవాడి, తల్లులకు ప్రసూతి సాయం, ఆడవాళ్లకు చదువు, చేతిపని ఉండేవి.

డబ్బు వచ్చింది, గది దొరికింది. మరి ఆ గదిలో పిల్లల మధ్య కూర్చునేది ఎవరు? పల్లెల్లో చదువుకున్న ఆడవాళ్లు చాలా తక్కువ. పట్నం నుంచి పంపితే ఎంతకాలం ఉంటారు? దీనికి ఆమె తన జీవితంలో నుంచే జవాబు తీశారనిపిస్తుంది. 1958లో మండలి సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టింది. మధ్యలో చదువు మానేసిన పెద్దవయసు స్త్రీలను రెండేళ్లలో పరీక్షకు తయారుచేసేవారు. పాసైన వాళ్లు తమ ఊళ్లలోనే టీచర్లుగా, బాలసేవికలుగా పనిచేయవచ్చు. మొత్తం కథలో మాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

1975లో ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడు అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. మన అంగన్‌వాడీలు దాని కిందివే. ఈ పథకం ఆమె పెట్టింది కాదు, అలా రాస్తే తప్పవుతుంది. ఇంటి ముంగిట్లో బడి అనే ఆలోచనకు మహారాష్ట్ర ఆదివాసీ పల్లెల్లో పనిచేసిన తారాబాయి మోదక్ గారిని తలచుకోవాలి. దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు.

ఇక మేము చూసిన అంగన్‌వాడీ. గిరిజన ప్రాంతాల్లో 300 నుంచి 800 జనాభాకు ఒక కేంద్రం, 150 నుంచి 300 మంది ఉంటే మినీ కేంద్రం ఉండాలని నియమం. బస్తర్‌లో ఒకే ఊరు నాలుగైదు పారాలుగా విడిపోయి, మధ్యలో వాగో అడవో ఉంటుంది. లెక్కలో దగ్గరే, మూడేళ్ల కాళ్లకు దూరం. 2017లో నిర్ణయించిన ప్రకారం ఒక్కో బిడ్డ పోషకాహారానికి రోజుకు 8 రూపాయలు. కార్యకర్త గౌరవవేతనంలో కేంద్రం లెక్క 2018 నుంచి నెలకు 4,500, రాష్ట్రం దాని మీద కొంత కలుపుతుంది. మా ఊళ్లో బజారుకు వెళ్లేవాళ్లు ఈ అంకెలను తామే బేరీజు వేసుకోగలరు.

మేము హిందీలో పేర్లడిగితే పిల్లలు గోడకు ఆనుకుని నిలబడ్డారు, ఒక్కరూ నోరు విప్పలేదు. అక్కడి దీదీ గోండిలో ఏదో అంది. అంతే, అందరూ ఒకేసారి మొదలుపెట్టారు, ఎవరి పేరు ఏదో మాకు తెలియలేదు. ఆమెది అదే ఊరు. ఎనిమిదితో చదువు ఆపేసి, పెళ్లయ్యాక పదో తరగతి రాసిందట. దుర్గాబాయి గారి పేరు ఆమె వినలేదు. మేము చెప్పబోతే, ఇప్పపూల కాలం కాబట్టి తెల్లవారుజామునే తల్లులతో అడవికి వెళ్లిన పిల్లలను తీసుకురావాలని, ఆయాకు పొయ్యి మీది పప్పు అప్పజెప్పి చెప్పులేసుకుంది. మేమూ ఆమె వెంట కొంతదూరం నడిచాం.