సూరి భగవంతం: వజ్రమైనా, రక్తకణమైనా.. చెదిరిన వెలుగే గుట్టు విప్పుతుంది! ఆ సైన్స్‌కి పుస్తకం రాసిన తెలుగాయన

తొలకరి పడితే చాలు.. అనంతపురం జిల్లా వజ్రకరూరు చేలల్లో జనం తలలు వంచుకుని వెతుకుతూ కనిపిస్తారు. మెరిసే రాయి దొరికితే ఒకటే టెన్షన్.. వజ్రమా? ఉత్త రాయా?

ల్యాబ్‌లో ఈ ముడి విప్పేది వెలుగే. రాయి మీద లేజర్ వేస్తే, చెదిరి వచ్చే కాంతిలో కొద్ది భాగం రంగు మారుతుంది. ఆ మార్పు సెంటీమీటరుకు 1332 దగ్గర గీతలా కనిపిస్తే అది వజ్రం గుర్తు. ఇదే రామన్ ఎఫెక్ట్. సర్ సి.వి. రామన్ పేరు స్కూల్ పిల్లలకీ తెలుసు. ఆయన పక్కన పనిచేసిన తెలుగాయన పేరు మాత్రం చాలామందికి తెలీదు.

ఇంతకీ ఎవరాయన?

సూరి భగవంతం. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ చదివారు. రామన్ ఎఫెక్ట్ బయటపడిన 1928లోనే కలకత్తా వెళ్లి రామన్ దగ్గర చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి, కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందనడానికి చెదిరిన వెలుగులోనే ఆధారం చూపించారు.

తర్వాత వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చేశారు. కాంతి చెదరడంపై, రామన్ ఎఫెక్ట్‌పై ఆయన పుస్తకం 1940లో వచ్చింది. అప్పటికి లేజర్ అన్నదే లేదు, అది 1960లో వచ్చింది. పాదరసం దీపం వెలిగించి, ఫొటో ప్లేట్ మీద సన్నటి గీత పడేదాకా గంటల తరబడి ఆగాల్సిందే. వజ్రం మీద కూడా ఆయన పరిశోధనలు చేశారు.

మరి రక్తపరీక్షకి దీంతో ఏం సంబంధం?

జ్వరం వస్తే డాక్టర్ సీబీపీ రాస్తారు కదా. చాలా మెషీన్లలో రక్తకణాలు సన్నటి ధారలో ఒకదాని వెనక ఒకటి వెళ్తాయి. ఒక్కోదాని మీదా లేజర్ పడుతుంది. ముందుకు చెదిరిన వెలుగు కణం సైజు చెబుతుంది. పక్కకి చెదిరిన వెలుగు లోపల ఎన్ని గుళికలు ఉన్నాయో చెబుతుంది. న్యూట్రోఫిల్ నిండా గుళికలే, అందుకే పక్కకి ఎక్కువ చెదురుతుంది. చిన్న లింఫోసైట్ దగ్గర తక్కువ. ఇక్కడ చూసేది వెలుగు దారి మారడాన్ని, రంగు మారడాన్ని కాదు. రంగు మార్పు కూడా చదివితే కణంలో ఏ అణువులున్నాయో తెలుస్తుంది. క్యాన్సర్ కణాలను ఇలా గుర్తించేందుకు పరిశోధనలు జరుగుతున్నాయి.

ఒక్క మాట క్లియర్‌గా చెప్పుకోవాలి. సీబీపీ మెషీన్ భగవంతం కనిపెట్టింది కాదు. ఆయన చదివింది ద్రవాలను, స్ఫటికాలను. కానీ వస్తువుని పగలగొట్టకుండా, చెదిరిన వెలుగుని బట్టి లోపలి నిర్మాణం చెప్పే విద్య ఒక్కటే. ఆ విద్యను మన గడ్డ మీద నిలబెట్టిన తొలితరంలో ఆయన ఒకరు.

తర్వాత ఉస్మానియా వీసీ అయ్యారు. 1957 నుంచి 1962 దాకా బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్. 1960ల్లో రక్షణ మంత్రికి సైంటిఫిక్ అడ్వైజర్. 1989లో కన్నుమూశారు.

దీంతో లాభమేంటి అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే చూపించడానికి ఏ మెషీనూ లేదు. ఇవాళ అవే సూత్రాలు ల్యాబుల్లో రోజూ పనిచేస్తున్నాయి. మీ ఇంట్లో ఫిజిక్స్ తీసుకుంటానన్న పిల్లలుంటే, ఉద్యోగం గురించి అడిగే ముందు ఈ ఆగిరిపల్లి కుర్రాడి కథ ఒక్కసారి చెప్పండి.