ఆంధ్రకేసరియు రాజకీయపక్షములును

పక్షములు లేక ప్రజాప్రభుత్వము నడువదు. పక్షమే సర్వస్వమైనచో ప్రజలు మఱుగున పడుదురు. ఈ రెండింటి నడుమ జీవితాంతము పెనుగులాడిన నాయకులలో టంగుటూరి ప్రకాశం పంతులుగారు అగ్రగణ్యులు.

వీరు 1872 ఆగస్టు 23వ తేదీన ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గోపాలకృష్ణయ్యగారు గతించిరి. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఉపాధ్యాయులైన ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారి ప్రాపున పంతులుగారు రాజమహేంద్రవరము చేరి, చదువు సాగించి, ప్లీడరై, పురపాలకసంఘాధ్యక్షులైరి. పిదప ఇంగ్లండున కేగి బారిస్టరై వచ్చి, మద్రాసులో విశేషముగా ధనమార్జించిరి. 1921లో ఆ వృత్తిని విడనాడి, ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి, ఆర్జించినదంతయు దానికే ధారవోసిరి. 1928 ఫిబ్రవరి 3వ తేదీన, సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భమున, మద్రాసు వీథిలో తుపాకుల యెదుట ఱొమ్మొడ్డి నిలిచిరి. నాటినుండి ఆంధ్రులు వారిని కేసరి యని పిలువసాగిరి.

ఇట్టి త్యాగధనులకు కాంగ్రెసు కన్నతల్లి వంటిది. అయినను ఆ సంస్థలో వారి మార్గము సుగమము కాలేదు. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవెన్యూమంత్రియై, జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షత వహించి, భూమికి నిజమైన హక్కుదారుడు రైతేయని ఆ సంఘముచే తేల్పించిరి. 1946లో రాజాజీని నాయకునిగా నెన్నుకొనుట మేలని మహాత్ముడును అధిష్ఠానవర్గమును సూచించినను, మద్రాసు శాసనసభాపక్షము ఆ సూచనను త్రోసిపుచ్చి తుదకు పంతులుగారినే వరించెను. ఏప్రిల్ 30వ తేదీన వారు రాష్ట్రప్రధానులైరి. ఫిర్కాభివృద్ధి పథకమును ఆరంభించిరి; ఖద్దరునకు హాని కలుగునని నూతన వస్త్రపు మిల్లులను ప్రోత్సహింపరైరి. కాని సహచరులను కూడగట్టుకొని ముఠాలను సంతుష్టిపఱచు విద్య వారికి అలవడలేదు. పదునొకండు మాసములు నిండకముందే, 1947 మార్చిలో, ఏ పక్షము తమ్ము గద్దె నెక్కించెనో ఆ పక్షమే తమ్ము దింపెను.

రాష్ట్రకాంగ్రెసులోని విభేదములు ముదురగా, 1951లో వారు ఆ సంస్థను వీడి ప్రజాపార్టీని నెలకొల్పి, ఆచార్య కృపలానీగారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీతో చేయి కలిపిరి. 1952 ఎన్నికలలో మద్రాసు శాసనసభయందలి 375 స్థానములలో కాంగ్రెసునకు దక్కినవి 152 మాత్రమే. కమ్యూనిస్టులతో సహా ప్రతిపక్షములు ఐక్యసంఘటనగా నేర్పడి పంతులుగారిని నాయకునిగా నెన్నుకొనెను. గవర్నరు మాత్రము రాజాజీనే ఆహ్వానించెను.

మఱుసటి యేడు దృశ్యము మాఱెను. ఆంధ్రరాష్ట్రావతరణ సమయమున కాంగ్రెసు వారి నాయకత్వమును కోరెను. ప్రజాసోషలిస్టు పార్టీ అందుకు సమ్మతింపలేదు. పంతులుగారు ఆ పార్టీని వీడి, 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలులో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రులైరి. 1952లో తెగిన కృష్ణ ఆనకట్ట స్థానమున క్రొత్త బ్యారేజికి పునాది, గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, ఇవన్నియు 1954లో, వారి పాలనలో జరిగినవే. ఆ సంవత్సరమే నవంబరులో, మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒకే ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గి, ఆ మంత్రివర్గము కూలిపోయెను.

పలుమార్లు పక్షములు మార్చిరని వారిని నిందించినవారు కలరు. ఆ నిందలో కొంత సత్యము లేకపోలేదు. పక్షనిర్మాణమును ఉపేక్షించుట వలన వారు తలపెట్టిన కార్యములు పెక్కు సగములోనే నిలిచిపోయెను. స్థిరమైన పక్షబలము తోడై యుండినచో రైతునకును పల్లెకును వారివలన మఱింత మేలు చేకూరియుండెడిది. కాని ఆ మార్పుల వలన వారు ధనము కూడబెట్టలేదు. లక్షలార్జించిన ఆ బారిస్టరు తుదిదినములలో బీదవారుగనే యుండిరి. పక్షము వారికి బండి మాత్రమే. చేరవలసిన యూరు ప్రజాక్షేమము. బండి దారి తప్పినదని తోచినప్పుడు దిగి నడచుటకు వారు వెనుదీయలేదు.

1957 మే 20వ తేదీన హైదరాబాదులో వారు కీర్తిశేషులైరి. విజయవాడలోని బ్యారేజి వారి పేరు దాల్చెను. 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశం జిల్లా యయ్యెను. వారు స్థాపించిన పక్షము నేడు లేదు. వారి పేరు మాత్రము అన్ని పక్షములవారికిని పూజ్యమై నిలిచియున్నది.