గండికోట ఏలిన నూనె వ్యాపారి కొడుకు

మనలో చాలామంది గండికోటకు పిక్నిక్ పోయి, పెన్న లోయ అంచున ఫొటోలు దిగి వచ్చినవాళ్లమే. ఆ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల గురించి పెద్దలు కథలు కథలుగా చెబుతారు. వాళ్ల చేతిలోంచి 1650లో కోటను గెలుచుకున్న మీర్ జుమ్లా గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

అతని అసలు పేరు మీర్ మహమ్మద్ సయీద్. 1591 ప్రాంతంలో పర్షియాలోని ఆర్దిస్తాన్‌లో ఒక పేద నూనె వ్యాపారి ఇంట పుట్టాడు. ఆస్తి లేదు, అండ లేదు. చదవడం, రాయడం వచ్చు, అంతే. ఆ నాలుగు అక్షరాలతోనే వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా కుదిరాడు. గోల్కొండకు వచ్చి వజ్రాల గనులు గుత్తకు తీసుకున్నాడు, ఓడలు సంపాదించాడు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మచిలీపట్నం హవల్దారై, చివరికి మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి వంటి పదవి అందుకున్నాడు. ఆ పదవి పేరే అతని పేరుగా నిలిచిపోయింది.

1652లో గండికోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ అతను పనిచేసే తీరు చూసి రాసిపెట్టాడు. కాలివేళ్ల సందుల్లో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందుల్లో మరికొన్ని ఇరికించుకుని, ఒక్కొక్కటే లాగి ఇద్దరు రాతగాళ్ల చేత జవాబులు రాయించేవాడట! పరీక్షల ముందురోజు మన గదులు కూడా ఇంచుమించు అలాగే ఉంటాయి. అదే కోటలో ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలను పోగుచేయించాడనీ టావెర్నియరే రాశాడు. పేదింట పుట్టి పైకొచ్చాడని మెచ్చుకునేటప్పుడు ఈ మాట కూడా చదవాలి.

గెలిచిన సీమను సొంత రాజ్యంలా ఏలుకోవడంతో సుల్తానుకు భయం పట్టుకుంది. 1655లో అతని కొడుకు మహమ్మద్ అమీన్ దర్బారులో పొగరుగా ప్రవర్తించాడని ఖైదు చేయించాడు. తండ్రి ఔరంగజేబు పంచన చేరాడు. 1656లో మొగలు సైన్యం హైదరాబాదును దోచుకుంది. తనకు అన్నం పెట్టిన రాజ్యం అది! కొడుకు కోసమే అనుకున్నా నాకు మింగుడుపడదు.

షాజహాన్ అతన్ని దివాన్‌ను చేశాడు. 1660లో ఔరంగజేబు బెంగాల్ సుబేదారుగా పంపాడు. 1661 చివరలో అస్సాం మీదికి దండెత్తి, రాజధాని గఢ్‌గావ్‌ను పట్టుకున్నాడు. అంతలో వానలు దిగాయి. వరదలు దారులు మూసేశాయి, సైన్యంలో జబ్బులు ప్రబలాయి. 1663 జనవరిలో సంధి చేసుకుని తిరుగుముఖం పట్టాడు. అప్పటికే తానూ మంచాన పడ్డాడు. మార్చిలో, ఢాకా చేరకముందే, దారిలోనే కన్నుమూశాడు. అతని సమాధి అస్సాంలోని మాన్‌కాచార్ దగ్గర ఒక గుట్ట మీద ఉంది.