మంచుఖండంలో పొయ్యి ఆరనీయని వంటమనిషి – లిండ్‌స్ట్రోమ్

(ఒక విశ్రాంత గుమాస్తా, కలికిరి)

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయమని సంఘం వారు కోరారు. దేశనాయకులను గురించి, కవులను గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఒక వంటమనిషిని గురించి రాయదలచాను. దక్షిణ ధ్రువాన్ని మొట్టమొదట చేరినవాడు నార్వే దేశస్థుడైన అముండ్‌సెన్ అని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ అముండ్‌సెన్‌కు, ఆయన బృందానికి అన్నం పెట్టి నిలబెట్టినవాడు అడాల్ఫ్ హెన్రిక్ లిండ్‌స్ట్రోమ్. ధ్రువయాత్రల చరిత్ర చదివినవారందరికీ ఈ పేరు తెలుసు. మన పాఠ్యపుస్తకాల్లోకి మాత్రం రాలేదు.

ఆయన 1866లో నార్వే ఉత్తరపు కొసన ఉన్న హామర్‌ఫెస్ట్ అనే రేవుపట్టణంలో పుట్టాడు. అక్కడ చలికాలంలో రెండు నెలలు సూర్యుడు కనిపించడు. మన హార్సిలీ కొండ మీద మార్గశిర మాసపు చలికే మనం రగ్గు కప్పుకుని కూర్చుంటాం. ఆయన పుట్టిన ఊరి చలి ముందు అది ఏపాటిది? ఓడల్లో వంటవాడిగా చేరి, ఆ వృత్తితోనే మూడు గొప్ప ధ్రువయాత్రలకు వెళ్ళాడు.

మొదటిది 1898 నుండి 1902 వరకు స్వెర్‌డ్రుప్ నాయకత్వాన ఫ్రామ్ అనే ఓడలో కెనడా ఉత్తర దీవులకు. నాలుగు చలికాలాలు ఆ ఓడ మంచులో చిక్కుకునే ఉంది. ఆ నాలుగేళ్ళలో బృందం వారు సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్ల నేలకు పటం గీశారు.

రెండవది 1903 నుండి 1906 వరకు. అముండ్‌సెన్ కేవలం 47 టన్నుల చిన్న ఓడ యోవాలో, తనతో కలిపి ఏడుగురితో, అట్లాంటిక్ నుండి పసిఫిక్‌కు ఉత్తరం వైపు దారి వెతుక్కుంటూ బయలుదేరాడు. అంతకుముందు మూడు నాలుగు వందల ఏళ్ళుగా ఎందరో వెతికి, కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్న దారి అది. ఆ దారిని ఒకే ఓడలో మొదటిసారి దాటినవారు ఈ ఏడుగురే. వారిలో లిండ్‌స్ట్రోమ్ ఒకడు. అక్కడ మూడు చలికాలాలు గడిచాయి. వంటపని ముగిశాక ఖాళీ వేళల్లో పక్షులను, మొక్కలను సేకరించి భద్రపరచడం కూడా ఆయన పెట్టుకున్నాడు.

మూడవది 1910లో మొదలైన దక్షిణ ధ్రువయాత్ర. 1911 జనవరిలో ఫ్రామ్ ఓడ అంటార్కిటికాలో తిమింగలాల అఖాతం అనే చోటికి చేరింది. ముందే నార్వేలో కట్టి, విప్పి, పలకలకు పలకలుగా తెచ్చిన కొయ్య ఇంటిని మంచు మీద నిలబెట్టారు. దాని పేరు ఫ్రామ్‌హైమ్. పొడవు సుమారు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. ఒక వంటగది, ఒక పెద్ద గది, పైన అటక, అంతే. మన పాత క్వార్టర్లలో ఒక కుటుంబం ఉండే చోటు. అందులో తొమ్మిదిమంది మగవాళ్ళు ఏడాది కాపురం చేశారు. బయట వందకు పైగా కుక్కలు. ఏప్రిల్ చివరలో అస్తమించిన సూర్యుడు ఆగస్టు చివరకు గానీ మళ్ళీ కనిపించలేదు. చలి ఒక దశలో సున్నాకు దిగువన 59 డిగ్రీల దగ్గరకు పోయింది. ఇంటి చుట్టూ మంచు పేరుకుపోతే, ఆ మంచులోనే సొరంగాలు తవ్వి పనిగదులు చేసుకున్నారు, ఒక ఆవిరి స్నానాల గది కూడా.

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది లిండ్‌స్ట్రోమ్. చీకట్లోనే పొయ్యిలో కట్టెపుల్లలు పేర్చి, కిరసనాయిలు పోసి రాజేసేవాడు. తాగేందుకైనా వండేందుకైనా నీళ్ళు కావాలంటే మంచుగడ్డలు తెచ్చి కరగబెట్టాల్సిందే. తర్వాత బల్ల మీద పళ్ళేలు, గరిటెలు గట్టిగా చప్పుడయ్యేలా సర్దేవాడు. అదే అందరికీ మేలుకొలుపు. పొద్దున పూట ఆయన పోసే వేడివేడి అట్లకు చాలా పేరు. మన రాగిదోసెల వంటి ముతక ధాన్యపు అట్లు. వాటి మీదికి చల్లని దేశాల్లో పండే పుల్లని పండ్ల జామ్. దొంతరగా తెచ్చి పెడితే క్షణంలో ఖాళీ అయ్యేవట. మనిషి లావు, ముఖం ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. మధ్యాహ్నం పని తీరాక ఒక్కడే కూర్చుని పేకముక్కలు పరచుకుని ఆడుకునేవాడు.

ఇంటివాళ్ళకు విసుగు పుట్టకుండా అముండ్‌సెన్ ఒక పందెం పెట్టాడు. పొద్దున ఒక్కొక్కరూ బయటికి వెళ్ళి ఆనాటి చలి ఎన్ని డిగ్రీలో ఊహించి చెప్పాలి. దగ్గరగా చెప్పినవారికి బహుమతి. మనసుకు ఉల్లాసం, ఒంటికి గాలి, రెండూ దక్కేవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆనాటి ధ్రువయాత్రికులకు చలికంటే పెద్ద శత్రువు స్కర్వీ అనే జబ్బు. నెలల తరబడి తాజా ఆహారం లేకపోతే చిగుళ్ళు వాచి రక్తం కారుతుంది, ఒళ్ళు నీరసిస్తుంది, మానిన పుండ్లు మళ్ళీ తెరుచుకుంటాయి, చివరకు మనిషి పోతాడు. దీనికి కారణం సి విటమిను లోపమని శాస్త్రజ్ఞులు 1932లో గానీ తేల్చలేదు. మనకు ఉసిరికాయ, నిమ్మకాయ, పచ్చిమిరప పెరట్లోనే దొరుకుతాయి. మంచుఖండంలో ఏం దొరుకుతుంది? సీల్ అనే సముద్ర జంతువు మాంసం దొరుకుతుంది. అముండ్‌సెన్ 1897-99లో బెల్జికా అనే ఓడలో ఉన్నప్పుడు ఆ బృందానికి ఈ జబ్బు సోకింది. సీల్, పెంగ్విన్ తాజా మాంసం తిన్నాకే కోలుకున్నారు. ఆ పాఠం ఆయన మరువలేదు.

కానీ నాయకుడు ఆజ్ఞ వేస్తే సరిపోదు, దాన్ని నోటికి రుచించేటట్లు చేసేవాడు కావాలి. సీల్ మాంసం నల్లగా ఉంటుంది, వాసన కూడా మన బోటివారికి పట్టదు. బాగా ఉడికిస్తే వాసన తగ్గుతుంది, కానీ సత్తువ పోతుంది. లిండ్‌స్ట్రోమ్ దాన్ని ఎక్కువ కాల్చకుండా, లోపల కాస్త పచ్చిదనం ఉండగానే దించి, రోజూ ఇష్టంగా తినేటట్లు వడ్డించాడు. పొట్టు తీయని గోధుమపిండితో రొట్టె కాల్చాడు. ఆ ఏడాది తొమ్మిదిమందిలో ఒక్కరికీ స్కర్వీ రాలేదు. అదే కాలంలో స్కాట్ నాయకత్వాన ఇంకో వైపు నుండి వెళ్ళిన ఇంగ్లీషు బృందంలో లెఫ్టినెంట్ ఇవాన్స్‌కు 1912లో స్కర్వీ వచ్చి చావు అంచుదాకా వెళ్ళాడు. ధ్రువం చేరి తిరిగివస్తూ స్కాట్, ఆయన నలుగురు సహచరులు ప్రాణాలు విడిచారు. దానికి కారణాలు అనేకం ఉన్నాయి. అయినా అన్నం సంగతి చిన్నది కాదని మాత్రం ఒప్పుకోవాలి.

వంటింటికి ఇంకో పరీక్ష కూడా వచ్చింది. 1911 సెప్టెంబరు 8న అముండ్‌సెన్ తొందరపడి బయలుదేరి, చలికి తాళలేక వారంలోనే వెనక్కి రావలసి వచ్చింది. కొందరికి మడమలు మంచుకాటుకు దెబ్బతిన్నాయి. వెనకబడిన ఇద్దరు అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరారు. మరునాటి ఉదయం ఫలహారం దగ్గరే, అనుభవజ్ఞుడైన యోహాన్సెన్ నాయకుడిని అందరి ఎదుటా తప్పుపట్టాడు. నాయకుడు ఆయనను ధ్రువయాత్ర నుండి తప్పించాడు. ఆ తర్వాత నెలరోజులకు పైగా వారంతా అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర, కలిసి తినవలసి వచ్చింది. పై అధికారికీ కింది ఉద్యోగికీ మాటలు లేని ఆఫీసులో పనిచేసినవారికి ఆ ఇరకాటం ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఆ నెలంతా లిండ్‌స్ట్రోమ్ అట్లు అందరి పళ్ళేల్లోనూ పడుతూనే ఉన్నాయి.

అక్టోబరులో అయిదుగురు ధ్రువానికి బయలుదేరారు. నవంబరులో మిగిలిన ముగ్గురు తూర్పు దిక్కున కొత్త నేల చూడటానికి వెళ్ళారు. లిండ్‌స్ట్రోమ్ ఒక్కడే మిగిలాడు. నెలకు పైగా ఆ ఇంటికి ఆయనే కాపలా. తోడు కుక్కలు. బయలుదేరినవారు మళ్ళీ వస్తారో రారో తెలియదు. తంతి లేదు, ఉత్తరం లేదు. అయినా ఇల్లు ఎత్తి కట్టలేదు, పొయ్యి ఆర్పలేదు.

1911 డిసెంబరు 14న అముండ్‌సెన్ బృందం దక్షిణ ధ్రువం చేరింది. 1912 జనవరి 25 తెల్లవారుజామున నాలుగు గంటలకు అయిదుగురూ క్షేమంగా ఫ్రామ్‌హైమ్ తలుపు తోశారు. ఇంట్లోవాళ్ళంతా నిద్రలో ఉన్నారు. కళ్ళు నులుముకుంటూ లేచారు. ధ్రువం చేరారా లేదా అని అడగడం, చేరామని చెప్పడం, వెంటనే కాఫీ, వేడి అట్లు. ప్రపంచానికి ఆ కబురు తెలియడానికి ఇంకా ఆరు వారాలు పట్టింది. లిండ్‌స్ట్రోమ్ వంటింట్లో మాత్రం అప్పుడే తెలిసిపోయింది.

నార్వే ధ్రువయాత్రలకు ఈ వంటవాడు చేసినంత విలువైన సేవ ఇంకెవరూ చేయలేదన్న భావాన్ని అముండ్‌సెన్ తన దినచర్యలో రాసుకున్నాడు. నాయకుడు ధ్రువం చేరినవారిని కాకుండా వంటవాడిని అంత మెచ్చుకోవడం ఆయన పెద్దమనసుకూ నిదర్శనమే. లిండ్‌స్ట్రోమ్ 1939లో కాలం చేశాడు. అప్పటికి ఆయన ధ్రువప్రాంతాల్లో గడిపిన చలికాలాలు మొత్తం ఎనిమిది.

మన దేశం కూడా 1983-84లో దక్షిణ గంగోత్రి, 1989లో మైత్రి, 2012లో భారతి అనే పరిశోధన కేంద్రాలను ఆ మంచుఖండంలో నెలకొల్పింది. శాస్త్రజ్ఞుల వెంట వంటవాళ్ళు కూడా వెళ్తారు. అక్కడ గిన్నెలు తోమడానికి, కూరలు తరగడానికి పెద్ద చదువులవారు సైతం వంతులు వేసుకుంటారు. అక్కడ పప్పు, చపాతీ ఉడికే పొయ్యి దగ్గర లిండ్‌స్ట్రోమ్ సంప్రదాయమే నడుస్తున్నదని నాకు అనిపిస్తుంది.

మన ఉద్యోగ జీవితంలో ఫైలు కింద సంతకం అధికారిది. ఆ ఫైలు తెచ్చి పెట్టిన అటెండరు, రాత్రి రికార్డు రూము తాళం వేసిన దఫేదారు, క్యాంపులో వండి పెట్టిన మనిషి ఏ కాగితంలోనూ కనిపించరు. అన్నదానానికి పేరుపడ్డ డొక్కా సీతమ్మగారిని మన తెలుగువారు మరువలేదు. అయితే జీతానికి పనిచేసి ప్రాణాలు నిలబెట్టిన వంటవారిని తలచుకున్నది తక్కువ. నాకు తోచిన మనవి ఒకటి ఉంది. ఈసారి మన వార్షిక సమావేశంలో భోజనాలు అయ్యాక వంట చేసినవారిని వేదిక మీదికి పిలిచి, పేరు చదివి, శాలువా కప్పుదాం. ఖర్చు పెద్దది కాదు. ఇంట్లో మనకు ఇన్నేళ్ళు వండి పెట్టినవారికి ఒక మంచి మాట చెప్పడానికి అది కూడా అక్కరలేదు.