డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

వేసవి వచ్చినంతనే మన నూజివీడు తోటలలో చిన్నరసములు, పెద్దరసములు ముగ్గును. వానియందు విటమినులు గలవని మేము పిల్లలకు చెప్పుచుందుము. విటమిను మేలునేగాక కీడును గూడ చేయవచ్చునని లోకమునకు తెలిపినవారిలో నొకరు మన తెలుగువారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు గెలిచిరి. స్ప్రూ యను గ్రహణివ్యాధి వారి సోదరు నొకని బలిగొనెను. మద్రాసులో వైద్యము చదివి, అమెరికా కేగి, 1930లో హార్వర్డునందు డాక్టరు పట్టమొందిరి.

లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున పనిచేసినవారు 1945లో ఫోలిక్ ఆమ్లమను విటమినును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల రక్తహీనతను అది మాన్పెను. కాని బోస్టనులో డాక్టరు ఫార్బరు ఆ జాతి విటమినులను రక్తపు కాన్సరుగల బిడ్డల కీయగా, వ్యాధి హెచ్చినట్లు తోచెను. మంచి కణమును పెంచు నాహారమే రోగకణమును గూడ పెంచునని గ్రహించిరి. అంతట సుబ్బారావుగారి బృందము విటమినును బోలి కణమును మోసగించు మందులను చేసెను. 1947లో అమినోప్టెరిన్ వలన కొందరు బిడ్డలకు కొంతకాలము ఉపశమనము గలిగెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ రొమ్ము కాన్సరును తగ్గింపగలదని 1951లో డాక్టరు జేన్ రైటు చూపిరి. అది చూచుటకు సుబ్బారావుగారు లేరు. 1948 ఆగస్టులోనే గతించిరి.

కావున పండును సంతోషముగా తినుడు. కాని రొమ్ములో గడ్డ కనిపించిన తల్లులు సిగ్గుపడి దాచక వైద్యునకు చూపవలెను. చికిత్స పొందువారు వైద్యు నడుగక విటమిను మాత్రలు మ్రింగరాదు. పరీక్ష తప్పిన బాలురారా, రెండుమారులు తప్పిన యీ భీమవరపు బాలుని జ్ఞాపకముంచుకొనుడు.